నాన్నకు రెండు దవడ పళ్ళు లేవు, ముగ్గురు డాక్టర్లు మూడు రకాలుగా చెప్తున్నారు

స్వాతి_కేపీహెచ్‌బీ

అందరికీ నమస్కారం. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకు 64 ఏళ్ళు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. కింద ఎడమవైపు దవడ పన్ను పుచ్చిపోతే రెండేళ్ళ కిందట పీకించుకున్నారు. "వెనక పన్నే కదా, ఎవరు చూస్తరు" అని ఊరుకున్నారు. మొన్న సంక్రాంతికి మేనత్త పంపిన సకినాలు తింటుంటే పై కుడివైపు దవడ పన్ను నిలువునా చీలింది. దానికి ఎప్పుడో రూట్ కెనాల్ చేయించి, క్యాప్ వేయించుకోకుండా వదిలేశారు. అదీ పీకాల్సి వచ్చింది. ఇప్పుడు ఏ వైపూ సరిగ్గా నమలలేక జొన్నరొట్టెను పప్పులో నానబెట్టుకుని తింటున్నారు. మటన్ వండిన రోజు ముక్కలన్నీ పిల్లల కంచాల్లో వేసి, తను పులుసు కలుపుకుంటుంటే చూడలేకపోతున్నాం.

ఇప్పటికి మూడు క్లినిక్కులు తిరిగాం. మొదటాయన రెండు వైపులా బ్రిడ్జి అన్నారు. ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్ళు అరగదీసి, ఒక్కో వైపు మూడేసి క్యాపులు కలిపి వేస్తారట. మొత్తం 36 వేలు. రెండో చోట డాక్టరమ్మ "బాగున్న పళ్ళను అరగదీయడం ఎందుకు, ఇంప్లాంట్లు పెట్టించుకోండి" అన్నారు. అంటే దవడ ఎముకలో స్క్రూ దించి, దాని మీద పన్ను బిగిస్తారట. ఒక్కొక్కటి 35 వేలు, పై దవడలో ఎముక తక్కువుంది కాబట్టి దానికి ఇంకో 15 వేలు, అంతా పూర్తయ్యేసరికి ఆరు నెలలు దాటొచ్చట. మూడోది ఫ్లెక్సీ చూసి వెళ్ళాం. మూడు రోజుల్లో రెండు పళ్ళూ ఫిక్స్, 90 వేలు, ఈ వారంలో అడ్వాన్స్ కడితే తగ్గింపు. "పండ్లకు గూడ ఆషాఢం ఆఫరా" అని నాన్న నవ్వారు.

ఆయన ఆరోగ్యం సంగతి: షుగర్ ఉంది, పోయిన నెల హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 8.4 వచ్చింది. గుండెకు స్టెంట్ వేశాక రోజూ రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్ మాత్ర వేసుకుంటారు. సిగరెట్ మానేశారు గానీ భోజనం తర్వాత జర్దా పాన్ మాత్రం మానలేదు.

వీటిలో ఏది మంచిది? అంత డబ్బు పెడితే ఎన్నాళ్ళు ఉంటుంది? ఇవి నా ప్రశ్నలు. నాన్నది వేరే ప్రశ్న, ఆయన మాటల్లోనే రాస్తున్నాను. "బస్సుల ఎంత గట్టిగ బిగించిన బోల్టయినా అదురుకు వదులైతది. నోట్ల రోజూ నములుడే గదా, ఎముకల బిగించిన స్క్రూ ఎట్ల ఆగుతది?" క్లినిక్కులో అడిగితే "అదంతా మేం చూసుకుంటాం అంకుల్" అన్నారే తప్ప ఎవరూ చెప్పలేదు. ఆ జవాబు దొరికేదాకా ఆయన కదిలేలా లేరు.

మలక్‌పేట_రవి

స్వాతి గారూ, నాకు పై దవడలోనే ఒక ఇంప్లాంట్ పెట్టారు, సైనస్ లిఫ్ట్‌తో కలిపి. అంటే పై పళ్ళ మీదుండే సైనస్ అనే గాలి గది అడుగును పైకి లేపి, అక్కడ ఎముక పెరిగేలా చేయడం. డాక్టర్‌గా కాదు, పెట్టించుకున్నవాడిగా చెప్తున్నా.

నొప్పి గురించి భయపడక్కర్లేదు. నాకు పన్ను పీకించుకున్న రోజే ఎక్కువ నొప్పి. ఇంప్లాంట్ రోజు మత్తు ఇంజెక్షన్ వరకే చురుక్కుమంది. ఆ తర్వాత డ్రిల్ అదురు మాత్రం తలకాయంతా తెలుస్తుంది, పక్కన నీళ్ళు ధారగా పోస్తూనే ఉంటారు, గొంతులోకి పోతుంటే మింగాలా ఉమ్మాలా అర్థం కాదు. సాయంత్రానికి బుగ్గ కొంచెం వాచింది, ఐస్ పెట్టుకుంటే తగ్గింది.

సైనస్ లిఫ్ట్ చేస్తే తర్వాతి జాగ్రత్తలే విసుగు పుట్టిస్తాయి. ముక్కు చీదకూడదు, స్ట్రాతో ఏదీ తాగకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. నాకు ఏసీలో కూర్చుంటే జలుబు. ఆఫీసులో నోరంతా తెరిచి తుమ్ముతుంటే పక్క సీటాయన కుర్చీ జరుపుకున్నాడు.

ఆ తర్వాత నెలల తరబడి ఎదురుచూపే. అప్పుడు పన్ను ఉండదు, చిగురులో నున్నటి చిన్న మెటల్ బిళ్ళ ఒకటి ఉంటుంది. నాలుక పదే పదే అక్కడికే పోతుంది. చివరికి క్యాప్ వేశాక ఒకటి వింతగా అనిపించింది. ఆ పన్నుతో కొరికినప్పుడు మెత్తటిదో గట్టిదో వెంటనే తెలియదు. ఒకసారి అన్నంలో రాయి వస్తే పంటి కన్నా ముందు చెవికి తెలిసింది. ఇప్పుడు అలవాటైపోయింది. ఇది ఎందుకలా ఉంటుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. మామూలు హెల్త్ పాలసీలు యాక్సిడెంట్‌లో పళ్ళు పోతే తప్ప పంటి వైద్యానికి ఇవ్వవు.

కోఠి_పళ్ళ_ల్యాబ్

అమ్మా స్వాతీ, నేను డాక్టర్ని కాను. డాక్టర్లు పంపే కొలతల మీద క్యాపులు, బ్రిడ్జిలు, పళ్ళ సెట్లు చేసే ల్యాబ్ టెక్నీషియన్ని. నగరంలో చాలా నోళ్ళు ప్లాస్టర్ అచ్చుల రూపంలో నా బల్ల మీదకు వచ్చాయి. ఏ క్లినిక్కుకి వెళ్ళాలో చెప్పను, అడగకండి. మీ నాన్నగారి ప్రశ్న మాత్రం నాకు నచ్చింది, ముందు దానికే చెప్తాను.

ఇంప్లాంట్‌లో స్క్రూలు రెండుంటాయి. మొదటిది ఎముకలో దిగేది. టైటానియంతో చేస్తారు, దాదాపు నాలుగు మిల్లీమీటర్ల లావు, పది మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. మనిషిని బట్టి, ఎముకను బట్టి కాస్త అటూ ఇటూ. రెండోది చాలా చిన్నది, పైన వచ్చే పన్నును మొదటి స్క్రూకి కలిపి పట్టుకునేది.

మొదటిది బోల్టులాగా బిగింపు మీద మాత్రమే ఆగదు. టైటానియంకు గాలి తగిలీ తగలగానే పైన సన్నటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొర వల్లే అది తుప్పు పట్టదు, శరీరం కూడా దాన్ని పరాయి వస్తువని తోసేయదు. ఎముక కణాలు నేరుగా దాని మీదే పెరిగి అతుక్కుపోతాయి. ఇది కనిపెట్టింది పళ్ళ డాక్టరే కాదు. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు 1952లో కుందేళ్ళ ఎముకలో టైటానియం పరికరాలు అమర్చి రక్తప్రసరణ పరిశీలించాడు. పని అయ్యాక తీద్దామంటే అవి రాలేదు, ఎముక పట్టేసింది. ఖరీదైన పరికరం పోయిందని తిట్టుకుని వదిలేయకుండా ఆ పట్టు ఎందుకొచ్చిందని ఆలోచించాడు చూడండి, అక్కడుంది ఆయన గొప్పతనం. 1965లో యోస్టా లార్సన్ అనే ఆయనకు మొదటిసారి దవడలో పెట్టారు. 2006లో ఆయన చనిపోయేదాకా అవి నోట్లోనే ఉన్నాయి, పనిచేశాయి.

కాకపోతే మెకానిక్‌కి నమ్మబుద్ధి కాని విషయం ఒకటుంది. బిగించిన రోజు ఉన్న పట్టు, మూడు నాలుగు వారాల తర్వాత ఉండదు, తగ్గుతుంది. డ్రిల్ తగిలిన పాత ఎముకను శరీరం కొంత తీసేస్తుంది, కొత్తది ఇంకా గట్టిపడి ఉండదు. ఆ సందులో దాని మీద బరువు వేస్తే సన్నగా కదులుతుంది, కదిలితే ఎముక బదులు మెత్తటి కండ పొర పెరుగుతుంది, ఇక అది ఎప్పటికీ పట్టదు. అందుకే కింద దవడకు మూడు నెలలు, పై దవడలో ఎముక మెత్తన కాబట్టి నాలుగు నుంచి ఆరు నెలలు ఆగమంటారు. మూడు రోజుల మాట అబద్ధమని నేననను. దవడంతా పళ్ళు లేనివాళ్ళకు నాలుగో ఆరో స్క్రూలు దించి, అన్నిటినీ ఒకే ఫ్రేముకి కలిపి బిగించి వెంటనే పళ్ళు ఇవ్వడం ఎప్పటి నుంచో ఉంది. ఒకదాని మీద పడే బరువును మిగతావి పంచుకుంటాయి. మీ నాన్నగారికి కావలసింది ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి. వాటికి తోడెవరు?

ఇక వదులయ్యేది రెండో స్క్రూ. మీ నాన్నగారు అన్నది దీని విషయంలో నూటికి నూరుపాళ్ళు నిజం. దాన్ని చేత్తో బిగించి వదిలేయరు, టార్క్ రెంచ్ ఉంటుంది, చిన్నది, పెన్ను అంత. చాలా కంపెనీలవి 25 నుంచి 35 న్యూటన్ సెంటీమీటర్ల (బిగింపు బలానికి కొలత) దగ్గర బిగించమంటాయి. ఒకసారి బిగించి పది నిమిషాలాగి మళ్ళీ బిగించాలి, ఎందుకో ఆయనకు నేను చెప్పనక్కర్లేదు. ఇంత చేసినా ఏ నాలుగేళ్ళకో వదులు కావచ్చు. అదేం పెద్ద తప్పు కాదు, పది నిమిషాల పని. అయితే ఆ పది నిమిషాల పని ఎవరు చేస్తారన్నదే అసలు ప్రశ్న. మీరు ఏ కంపెనీ, ఎన్నాళ్ళ గ్యారంటీ అని అడుగుతున్నారు. రేపు స్క్రూ వదులైతే ఎలా తీస్తారని అడగండి.

ఎందుకంటే పన్నును బిగించే పద్ధతులు రెండు. ఒకటి సిమెంటుతో అంటించడం. చూడ్డానికి అందంగా ఉంటుంది, పైన రంధ్రం కనిపించదు. లోపల స్క్రూ వదులైతే మాత్రం క్యాపును కోయాల్సి రావచ్చు. పైగా అంటించేటప్పుడు పొంగిన సిమెంటు చిగురు కింద రవ్వంత మిగిలినా చాలు, నెలల తర్వాత వాపు, చీము మొదలవుతాయి. రెండోది పైనుంచి స్క్రూతోనే బిగించడం. పంటి నడుమ చిన్న రంధ్రం ఉంటుంది, అందులో స్క్రూ తల మీద కాస్త టెఫ్లాన్ టేపు కూరి, పైన పంటి రంగు ఫిల్లింగ్ వేస్తారు. అవును, ప్లంబర్ కుళాయికి చుట్టే టెఫ్లానే, శుభ్రం చేసి వాడతారు. ఎప్పుడు కావాలన్నా ఫిల్లింగ్ తీసి, టేపు లాగి, విప్పి, కడిగి మళ్ళీ బిగించొచ్చు. వెనక దవడ పళ్ళకు నన్నడిగితే ఇదే. కాకపోతే ఇంప్లాంట్ సరైన కోణంలో దిగితేనే రంధ్రం పంటి నడుమకు వస్తుంది, కాబట్టి ఈ మాట ఆపరేషన్‌కి ముందే అనుకోవాలి. అయిపోయాక నా దగ్గరికి కొలత పంపి "రంధ్రం మధ్యకి రావాలి భాయ్" అంటే నేనేం చేయను?

ఇంకొకటి. ప్రతి ఇంప్లాంట్ డబ్బాలో కంపెనీ పేరు, మోడల్, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి మీ ఫైల్లో అంటించమనండి. ఈ ముక్క ఎందుకంటున్నానంటే, పోయిన ఏడాది ఒకాయన దుబాయ్ నుంచి వచ్చారు. ఇక్కడే ఎక్కడో పెట్టించుకున్నారు, ఆ క్లినిక్కు ఎత్తేశారు, ఆయన దగ్గర బిల్లు తప్ప కాగితం లేదు. పన్ను ఊగుతోంది. చూసిన డాక్టర్ ఎక్స్‌రే ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టి "ఇది ఏ కంపెనీదో చెప్పు" అన్నారు. లోపలి గాడి కొన్నిటిలో షట్కోణం, కొన్నిటిలో నక్షత్రం, సైజులు మళ్ళీ వేరు. నా డబ్బాలో ఉన్న స్క్రూడ్రైవర్లన్నీ పంపాను, ఒక్కటీ కూర్చోలేదు. ఎముకలో ఉన్నది రాయిలా గట్టిగా ఉంది, పైనున్న మంచి జిర్కోనియా (పింగాణీలాంటి గట్టి పదార్థం) పన్నును ముక్కలుగా కోసి తీశారు. స్టిక్కర్ ఒక్కటుంటే ఆ పన్ను బతికేది.

రవి గారి అనుమానానికి జవాబు. మన సొంత పంటికీ ఎముకకూ మధ్య సన్నటి నార పొర ఉంటుంది. మీ నాన్నగారి భాషలో బస్సుకు కమాన్ పట్టీలనుకోండి. కొరికినప్పుడు పన్ను 25 నుంచి 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) దాకా లోపలికి దిగి మళ్ళీ లేస్తుంది. గట్టి మెత్తా తెలిసేది కూడా ఎక్కువగా ఆ పొరలోని నరాల వల్లే. ఇంప్లాంట్‌కి ఆ పొర లేదు, మూడు నుంచి ఐదు మైక్రాన్లకు మించి దిగదు. పక్క పళ్ళతో సమానంగా ఎత్తు పెట్టామనుకోండి, గట్టిగా కొరికినప్పుడు అవన్నీ దిగుతాయి, ఇదొక్కటే నిలబడి బరువంతా మోస్తుంది. అందుకే మేం ఆ పన్ను నమిలే భాగం కాస్త సన్నగా చేసి, ఎత్తు ఒక వెంట్రుకవాసి తగ్గిస్తాం. డాక్టర్ దగ్గర సన్నటి రేకు ఉంటుంది. మెల్లగా కొరికితే అది ఆ పంటి కింద నుంచి జారి రావాలి, గట్టిగా కొరికితే ఆగాలి. క్యాప్ వేసే రోజు ఇది చూశారో లేదో మీరే గమనించొచ్చు, పెద్ద చదువేం అక్కర్లేదు.

బ్రిడ్జి గురించి నాకు పట్టింపు లేదు, రెండూ చేస్తాను, రెండిట్లోనూ నాకు డబ్బులొస్తాయి. పక్క పళ్ళకు ఇప్పటికే రూట్ కెనాల్ అయ్యి ఎలాగూ క్యాపులు పడాల్సినవైతే బ్రిడ్జి మంచి పనే. ముట్టుకోని పళ్ళయితే ఆలోచించండి, ఒకసారి అరగదీసిన ఎనామిల్ మళ్ళీ రాదు. నా దగ్గరికి తిరిగొచ్చే పాత బ్రిడ్జిల్లో ఎక్కువ భాగం కింద ఉన్న ఆసరా పన్ను పుచ్చి వచ్చినవే. అప్పుడు మూడు పళ్ళ బ్రిడ్జి కాస్తా ఐదు పళ్ళది అవుతుంది.

డాక్టర్_ప్రోస్తో

ల్యాబ్ భాయ్ సగం పని చేసేశారు, మిగతాది చెప్తాను. నేను కృత్రిమ దంతాల విభాగంలో ఎండీఎస్ చేశాను.

స్వాతి గారూ, ఇంప్లాంటా బ్రిడ్జా అన్నది తర్వాత. ముందు ఆ 8.4 సంగతి చూడండి. షుగర్ ఉన్నవాళ్ళకు ఇంప్లాంట్లు పెట్టకూడదని కాదు, రోజూ పెడుతున్నాం. హెచ్‌బీఏ1సీ ఏడు దరిదాపుల్లో ఉంటే గాయం మామూలుగానే మానుతుంది. ఎనిమిది దాటినప్పుడు ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ, ఎముక పట్టడం ఆలస్యం. ఇది అత్యవసరమైన ఆపరేషన్ కాదు కదా, మూడు నెలలు ఆగి షుగర్ తగ్గించుకుని వస్తే మీకే మంచిది. మూడు క్లినిక్కుల్లో ఎవరు ఈ రిపోర్టు అడిగారు, ఎవరు అడగలేదు అన్నది నాకు ముఖ్యంగా కనిపిస్తోంది.

ఎకోస్ప్రిన్ మీ అంతట మీరు ఆపొద్దు. రెండు రోజులు మానేసి రమ్మని బంధువులెవరో సలహా ఇస్తారు, వినకండి. కాస్త రక్తం ఎక్కువ కారితే కుట్లతో, అదిమి పెట్టడంతో మేం ఆపగలం. స్టెంట్ మూసుకుపోతే ఆ ప్రమాదం వేరే. స్టెంట్ వేసి ఏడాది కాలేదంటే మాత్రం గుండె డాక్టర్ రాసిస్తేనే మొదలుపెట్టాలి.

జర్దా పాన్ దగ్గర నేను మొహమాటపడను. పొగాకు చిగుళ్ళకు రక్తం సరిగ్గా అందనివ్వదు. పాన్ దవడలో పెట్టుకునే వైపే ఇంప్లాంట్ కూడా ఉంటే, ఆ 35 వేలు మూసీలో వేసినట్టే.

మామూలు ఎక్స్‌రే చాలదు, దవడ ఎముకను అన్ని వైపుల నుంచీ చూపించే సీబీసీటీ స్కాన్ తీయించండి. పన్ను పీకాక మొదటి ఏడాదిలోనే ఎముక వెడల్పు దాదాపు సగం తగ్గిపోవచ్చు. మీ నాన్నగారికి కింద రెండేళ్ళయింది కాబట్టి ఎంత మిగిలిందో కొలిచి చూడాలి. కింద దవడలో పెదవికి స్పర్శనిచ్చే నరం వెళ్తుంది, దానికి కనీసం రెండు మిల్లీమీటర్ల దూరం వదలాలి. పైన సైనస్ గది ఉంటుంది, దాని కింద ఎముక ఎత్తు చాలకపోతేనే సైనస్ లిఫ్ట్. అంటే ఆ 15 వేలు అనవసరమని ముందే అనుకోవద్దు, అవసరమని కూడా స్కాన్ చూడకుండా ఒప్పుకోవద్దు. ఇంకొకటి, రెండేళ్ళ ఖాళీలోకి పక్క పన్ను వాలిపోయిందా, పై పన్ను కిందికి దిగిందా అన్నది కూడా చూడాలి. వాలితే బ్రిడ్జికైనా ఇంప్లాంట్‌కైనా ముందు దాన్ని సరిచేసే పని ఉంటుంది.

రవి గారు విసుక్కున్న ఆ నీళ్ళధార గురించి ఒక మాట. ఎముక వేడి 47 డిగ్రీలు దాటి ఒక్క నిమిషం ఉంటే చాలు, అక్కడి ఎముక కణాలు దెబ్బతింటాయి. ఆ సెలైన్ అందుకే.

రెండో అభిప్రాయం కావాలంటే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. పొద్దున్నే వెళ్ళండి, ఓపిక తీసుకెళ్ళండి. అక్కడ మీకు ఏదో ఒకటి అమ్మాలన్న తొందర ఎవరికీ ఉండదు.

రామంతాపూర్_పెద్దాయన

ఇదంతా డబ్బు చేసుకోవడం. నాకు వెనక పళ్ళు రెండు లేక పదేళ్ళు దాటింది. ఏమైంది? బోటీ కూడా తింటున్నా. మా నాయన ఏ ఇంప్లాంట్ పెట్టించుకున్నాడు?

కోఠి_పళ్ళ_ల్యాబ్

పెద్దాయనా, మీ మాట పూర్తిగా కొట్టేయను. చిట్టచివరి దవడ పన్ను పోతే చాలామందికి ఏమీ పెట్టనక్కర్లేదు, మంచి డాక్టర్లే ఆ మాట చెప్తారు. మీకు పోయింది బహుశా అవే. స్వాతి వాళ్ళ నాన్నగారికి పోయింది వాటికి ముందున్న పెద్ద పన్ను, అదీ రెండు వైపులా. నమిలే పనిలో ఎక్కువ వాటా దానిదే. ఆయన జొన్నరొట్టె నానబెట్టుకుని తింటున్నారు, మీరు బోటీ తింటున్నారు. తేడా అక్కడే తెలుస్తోంది.

స్వాతి_కేపీహెచ్‌బీ

అందరికీ చాలా థాంక్స్. ల్యాబ్ అంకుల్, మీ పోస్టు నాన్నకు మొత్తం చదివి వినిపించాను. రెండు స్క్రూల మాట దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నారు. పది నిమిషాలాగి మళ్ళీ బిగిస్తారనగానే "ఆఁ, ఇప్పుడు చెప్పిండు మొనగాడు" అన్నారు.

స్కాన్ తీయించాం. కింద ఎముక సరిపోతుందన్నారు, వెనక పన్ను కొంచెం వాలింది గానీ పని ఆగేంత కాదట. పైన మాత్రం ఎత్తు తక్కువే. మూడో క్లినిక్కుకి ఫోన్ చేసి, షుగర్ 8.4 అయినా మూడు రోజుల్లోనే చేస్తారా అని అడిగితే, యాంటీబయాటిక్స్ ఇస్తాం కదా మేడం అన్నారు. అక్కడికి వెళ్ళడం లేదు. రెండో చోట డాక్టరమ్మను స్టిక్కర్, స్క్రూతో బిగించే పన్ను గురించి అడిగాను. "ఇవన్నీ మీకెవరు చెప్పారు" అని నవ్వి, రెండూ కుదురుతాయన్నారు. ముందు కింద ఒకటి, షుగర్ తగ్గాకే. పైది తర్వాత చూద్దామన్నారు. స్టెంట్ వేసి మూడేళ్ళు దాటింది, అయినా గుండె డాక్టర్ దగ్గర కాగితం తీసుకురమ్మన్నారు.

ఇంకో రెండు అనుమానాలు. నాన్న నిద్రలో పళ్ళు పటపట కొరుకుతారు, దానివల్ల ఇబ్బందా? ఇంప్లాంట్ పుచ్చదు కదా, ఇక బ్రష్ విషయంలో అంత పట్టింపు అక్కర్లేదని మా తమ్ముడంటున్నాడు, నిజమేనా?

కోఠి_పళ్ళ_ల్యాబ్

పళ్ళు కొరికే అలవాటు సంగతి డాక్టరమ్మకు తప్పకుండా చెప్పండి, నాకు పంపే చీటీ మీద కూడా రాయమనండి. అది తెలిస్తే పన్ను నమిలే భాగం ఇంకా తగ్గించి, గుబ్బలు చదునుగా చేస్తాం. రాత్రిపూట పెట్టుకునే నైట్ గార్డ్ కూడా చేయించుకోవాలి. స్క్రూలు వదులయ్యేవి, పింగాణీ పెచ్చులూడేవి ఎక్కువగా ఇలాంటివాళ్ళవే.

మీ తమ్ముడి మాట సగమే నిజం. టైటానియం పుచ్చదు, జిర్కోనియా పుచ్చదు. చుట్టూ ఉన్న చిగురూ ఎముకా మాత్రం మనిషివే కదా. అక్కడ పాచి పేరుకుంటే చిగురు వాచి, తర్వాత కింద ఎముక కరుగుతుంది. సొంత పన్నయితే నొప్పి పెట్టి చెప్తుంది, ఇది చాలాకాలం చెప్పదు. సరిగ్గా చూసుకుంటే పదేళ్ళ తర్వాత కూడా నూటికి తొంభైకి పైగా నిలబడే ఉంటున్నాయి, చూసుకోనివాళ్ళవి అంతకన్నా ముందే పోతున్నాయి. మామూలు బ్రష్‌తో పాటు మెడికల్ షాపులో పళ్ళ సందుల్లోకి దూర్చే బుల్లి బ్రష్‌లు దొరుకుతాయి. సైజు డాక్టరమ్మను అడిగి తీసుకోండి, లోపలి తీగ మీద ప్లాస్టిక్ పూత ఉన్నది చూడండి. రాత్రి పడుకోబోయే ముందు ఇంప్లాంట్ పంటికి అటూ ఇటూ దూర్చి తీయాలి.

క్యాప్ వేసిన రోజు ఒక ఎక్స్‌రే తీయించి కాపీ మీ దగ్గర పెట్టుకోండి. మొదటి ఏడాది స్క్రూ మెడ దగ్గర ఎముక ఒక మిల్లీమీటర్, ఒకటిన్నర దాకా తగ్గడం మామూలే. ఆ తర్వాత ఏడాదికి 0.2 మిల్లీమీటర్లకు మించకూడదంటారు. పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తేనే అది తెలుస్తుంది, ఏటా తీయించినా పాతది లేకపోతే ఎవరూ చెప్పలేరు.